షుక్రీ మాస్టారు తాగేసిన కాఫీ

పద్నాలుగు చేతులు లేచాయి. టీవీ ముందు కూర్చుని ఒక్కొక్కటే లెక్కపెట్టాను. మా నేల మీద వాళ్ళు కట్టుకుంటున్న కాలనీలు చట్టానికి విరుద్ధమని రాసిన కాగితం అది. పదిహేను దేశాలవాళ్ళు కూర్చునే ఆ బల్ల చుట్టూ పద్నాలుగు మంది అవునన్నారు. తర్వాత కాదనేవాళ్ళెవరని అడిగారు. ఒక్క చెయ్యి లేచింది, అమెరికాది. అంతటితో కాగితం చచ్చిపోయింది. నేను ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఒకటి కన్నా పద్నాలుగు ఎక్కువని నాకు కూడా తెలుసు. పెద్ద చదువులు చదివినవాళ్ళకి అక్కడ లెక్క వేరేగా వస్తుంది కాబోలు.

కాగితం గెలిచినా మా గాలిగుట్ట మీద వాళ్ళ ఇళ్ళ ఎర్రపెంకు ఒక్కటి కూడా కదిలేది కాదు. ఆపాటి నాకు తెలుసు. ఆ గుట్ట మీద మా నాన్న నాటిన అరవై రెండు ఆలివ్ చెట్లున్నాయి. కంచె పడ్డాక ఏడాదికి రెండు రోజులు, చేతిలో అనుమతి చీటీ ఉంటే, వెళ్ళి కాయ దులుపుకోవచ్చు. ఆ రెండు రోజుల్లో ఒకరోజు వాన తప్పదు. కదలకపోతే పోనీ, ఇది మీది కాదు అని వాళ్ళతో ఎవరైనా ఒక్కసారి గట్టిగా అంటే వినాలని ఉండింది. ముప్ఫయ్యేళ్ళుగా ఆ ఒక్క మాట కోసం చూస్తున్నాను. అనబోయినప్పుడల్లా ఆ చెయ్యి లేస్తుంది.

ఆ మంటతోనే పడుకున్నాను, ఆ మంటతోనే లేచాను. లేచేసరికి మా ఇంట్లో పండగ.

ఆ శనివారం మా అన్న కూతురు వియామ్‌ని అడగడానికి కఫ్ర్ హామిల్ నుంచి పెద్దమనుషులు వస్తున్నారు. అన్న పోయి ఏడేళ్ళయింది. పిల్ల మా ఊరు ఐన్ సిద్రాలోని ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. పిల్లవాడు కుసయ్, కరెంటు పనివాడు. యూనివర్సిటీలో కలుసుకున్నారట. ఆడవాళ్ళు రెండు నెలల కిందటే అన్నీ మాట్లాడుకున్నారు. మా బాబాయిలు, వాళ్ళ కొడుకులు, మా తమ్ముడు, అందరూ సరేనన్నారు. మిగిలింది నేను. తండ్రి లేని పిల్లకి తండ్రి తమ్ముడి మాటే ఆఖరి మాట. నన్ను అడిగితే "రానీండి, చూద్దాం" అన్నాను. అదే ఒప్పుకోలు అనుకుని మిఠాయికి చెప్పేశారు.

నేను ఒప్పుకోలేదు. కుసయ్ మీద నాకేమీ లేదు. వాడి తండ్రి ఫాయెక్ మీద ఉంది. గాలిగుట్ట మీద ఆ ఇళ్ళు లేచినప్పుడు వాటి గోడలకి రాయి పేర్చిన మేస్త్రీల్లో ఫాయెక్ ఒకడు. నాలుగేళ్ళు పనిచేశాడు. మా నాన్న చెట్ల పక్కన నిలబడి వాళ్ళ గోడకి నూలుదారం పట్టి చూసుకున్న మనిషి ఇంటికి మా అన్న కూతురు కోడలిగా పోవాలా? నలభై మంది ముందు, వాళ్ళు కాఫీ కప్పు కింద పెట్టి అడిగినప్పుడు, కాదు అని చెబుదామని గుండెల్లో దాచుకున్నాను. చాటుగా చెబితే చప్పగా ఉంటుందని.

నా భార్యకి మాత్రం తెలిసిపోయింది. ఆమె పెరట్లో కాఫీ గింజలు వేయిస్తోంది, నేను అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాను. నా పేరు నాయెఫ్. పెద్దకొడుకు ఔనీ పుట్టిన దగ్గర్నుంచి ఊరంతటికీ అబూ ఔనీని, ఆమెకి కూడా. కోపం ఉన్నరోజు మాత్రం ఉత్త నాయెఫ్‌ని.

"నాయెఫ్, గడ్డం మరీ నున్నగా గీస్తున్నావు. ఎవరి పరువు తీద్దామని?"

నా ఇంటి పరువు సంగతి నేను చూసుకుంటాను, నువ్వు గింజలు మాడ్చకు అన్నాను.

"నిన్న చెయ్యెత్తినాయన కూడా ఇంటికెళ్ళి పెళ్ళాంతో ఇదే చెప్పుంటాడు, పరువు అని" అంది గింజలు తిరగేస్తూ. "అక్కడొక అమెరికా ఉంది చాలదా, నా వంటింటికి ఇంకోటి కావాలా?"

ఆ పోలిక నాకు అస్సలు నచ్చలేదు. వాళ్ళు ఆపింది మనకి రావలసిన నేలని, నేను ఆపేది నా వేలు పట్టుకుని నడిచిన పిల్లని, రెండూ ఒకటెలా అవుతాయని గట్టిగానే అరిచాను. చెంప తెగింది. ఆమె వచ్చి పటిక రాసింది. రాస్తూ కూడా నవ్వుతోంది. తెగిన గడ్డంతో కోపం నిలబడదు, మీకూ అనుభవమే అయి ఉంటుంది.

తర్వాత వియామ్ వచ్చింది, ఇస్త్రీ చేసిన నా కోటు పట్టుకుని. ఆ పిల్ల అన్న పోలిక. మాట్లాడేముందు ఎదుటివాడి చేతులు చూస్తుంది. కోటు కుర్చీకి తగిలించి నా ఎదురుగా కూర్చుంది.

"చిన్నాన్నా, నాన్న ఉంటే ఇవాళ మీ మొహం వంక చూసే పని నాకుండేది కాదు. లేడు. అందుకే చూస్తున్నా."

నేను కోటు జేబులు వెతకడం మొదలుపెట్టాను, ఏదో పోయినట్టు.

మీరు కాదంటే లేచిపోయే పిల్లని కాదు, ఏడ్చి మంచం పట్టే పిల్లని కూడా కాదు అంది. ఈ ఇంట్లోనే ఉంటుందట. రోజూ పొద్దున్నే నా వేలికి సూది గుచ్చి చక్కెర చూస్తుందట, నేను పోయేదాకా. కానీ ఇంకో పెళ్ళి మాట మాత్రం ఎత్తకూడదట. అంతా నవ్వుతూనే చెప్పింది. లేచి వెళ్తున్నప్పుడు గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగింది, వెనక్కి తిరగలేదు. నవ్వే మొహమైతే తిరిగి చూపించేది కదా. నాకు అర్థమైంది. అయినా మనసు మార్చుకోలేదు. క్వారీలో రాయి చెక్కడం నా పని, రాయి చెక్కేవాడి మనసు అంత తొందరగా విరగదు.

కఫ్ర్ హామిల్ మా ఊరికి మూడు కిలోమీటర్లు. గుట్ట మీది కాలనీవాళ్ళ రోడ్డు కోసమని మధ్యలో మట్టికట్ట పోశాక, కారులో చుట్టూ తిరిగి రావాలంటే ముప్పావు గంట, అదీ ఏ గేటూ మూయకపోతే. అందుకని పెద్దమనుషులు కార్లు కట్టకి అవతలే వదిలేసి ఎక్కి దిగుదామనుకున్నారు. రెండు రోజులుగా వాన. నలభై మంది కోట్లు వేసుకున్న మగవాళ్ళు తడి మట్టికట్ట మీద ఒకళ్ళ నడుం ఒకళ్ళు పట్టుకుని జారుకుంటూ దిగడం మా ఊరంతా మిద్దెలెక్కి చూసింది. పెద్దాయన షుక్రీ మాస్టారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోశారు. కట్ట నడినెత్తిన కుర్చీ ఒరిగింది. మాస్టారు ఏమాత్రం కంగారు పడకుండా, కాస్త ఎడమవైపు ఎత్తండర్రా అన్నాడట, పాఠం చెబుతున్నట్టు. దారి పక్కన బాదం చెట్లు తెల్లగా పూసి ఉన్నాయి. ఆ పూరేకులు కోట్లకి, బురద బూట్లకి అంటించుకుని వచ్చారు. నాక్కూడా నవ్వొచ్చింది. మింగేశాను.

షుక్రీ మాస్టారు కఫ్ర్ హామిల్ బడిలో నలభై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పాడు. మా ఊళ్ళో అయిదు వరకే ఉండేది కాబట్టి ఆరుకి నేను ఆయన బడికే పోయాను. నేను మానేసి క్వారీలో చేరినప్పుడు మూడుసార్లు మా ఇంటికొచ్చి నాన్నని బతిమాలాడు. నా జీవితంలో నా కోసం ఎవరి గుమ్మమైనా మూడుసార్లు ఎక్కిన మనిషి ఆయనొక్కడే. పిల్లవాడివాళ్ళు తెలివైనవాళ్ళు, ఆయన్నే ముందు పెట్టుకొచ్చారు.

మా కుటుంబమంతా కూడే పెద్ద హాలులో అటు నలభై, ఇటు ముప్ఫై. మధ్యలో మాస్టారు, ఆయన ఎదురుగా నేను. ఫాయెక్ రెండో వరసలో తల దించుకుని కూర్చున్నాడు. అడిగే ఇంటి తండ్రి ఆ రోజు నోరు విప్పకూడదు. మా తమ్ముడు చేదుకాఫీ పోసి మొదటి కప్పు మాస్టారికిచ్చాడు. ఆయన ముట్టలేదు, ముందున్న బల్ల మీద పెట్టాడు. మా దగ్గర పద్ధతి అదే. వచ్చిన పని అవుతుందన్న మాట ఇంటివాడి నోట వినేదాకా ఆ కప్పు ఎత్తరు. ఎత్తితే మాట అయినట్టు. కాదంటే ఆ కాఫీ అలాగే చల్లారుతుంది, వాళ్ళు లేచి వెళ్ళిపోతారు. రెండు ఊళ్ళూ ఆ చల్లారిన కప్పు గురించి మూడు తరాలు చెప్పుకుంటాయి.

మాస్టారు మొదలుపెట్టాడు. దేవుణ్ణి తలిచాడు, మా వంశాన్ని పొగిడాడు, పోయిన మా అన్నని తలుచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఇక అడుగుతాడనుకుని నేను గొంతు సవరించుకున్నాను. కానీ ఆయన చరిత్ర మాస్టారు. రెండు ఇళ్ళు కలవడం గురించి మొదలైన మాట రెండు ఊళ్ళ మధ్య కట్టకి పోయింది. కట్ట దగ్గర్నుంచి గుట్టకి, గుట్ట నుంచి ముందురోజు ఓటుకి. ఇక ఆపేవాడెవడు?

ఇది మొదటిది కాదు నాయనలారా అన్నాడు. ఇంతకుముందు ఎన్నిసార్లు ఆ చెయ్యి లేచిందో ఏడాది, నెలతో సహా చెప్పుకొచ్చాడు. ఒకసారి మా పవిత్ర నగరం కోసం, ఒకసారి మా శరణార్థుల కోసం, ఒకసారి మమ్మల్ని కాపాడడానికి మనుషుల్ని పంపుతామంటే దానికి. నా చెవికి అది చదువులా లేదు, నా ఒంటి మీద దెబ్బలు ఎవరో వరసగా చదువుతున్నట్టుంది.

"ఒక్కడు" అన్నాడు మాస్టారు. "ఊరంతా కూర్చుని ఇది న్యాయం అంటే, ఒక్కడు లేచి కాదంటాడు. ఎందుకు కాదో చెప్పక్కర్లేదు. వాడికి ఎదురు అడిగేవాడు లేడు. అది బలం కాదర్రా, అది..."

ఏమిటో చెప్పడానికి మాట దొరకలేదు. గొంతెండిపోయింది. కోపంతో చెయ్యి చాపి, ముందున్న కప్పెత్తి, ఒక్క గుక్కలో కాఫీ తాగేసి ఠక్కున బల్ల మీద పెట్టాడు.

డెబ్భై మంది ఊపిరి ఆగింది.

కిటికీ సందులోంచి చూస్తున్న మా ఆడవాళ్ళకి మాటలేవీ సరిగా వినపడలేదు, కప్పు లేవడం ఒక్కటే కనిపించింది. అంతే, వంటింట్లో నాలుకలు ఆడిస్తూ పెళ్ళికేక పెట్టారు. ఒకామె మొదలుపెడితే ఇరవై మంది అందుకున్నారు. పక్కమిద్దె మీదివాళ్ళు అందుకున్నారు. ఆ కేక వీధి చివరిదాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చింది. నా గుండెల్లో దాచుకున్న "కాదు" మాత్రం అక్కడే కూర్చుని బిక్కమొహం వేసింది.

మాస్టారు ఖాళీ కప్పు వంక చూశాడు. ఏం చేశాడో అప్పుడు తెలిసింది ఆయనకి. ముసలి మొహం తెల్లబడింది. చెయ్యెత్తి, అందరినీ ఊరుకోమని సైగ చేశాడు. వంటింట్లో ఎవరో ఎవరి నోరో మూశారు. ఆ నిశ్శబ్దంలో నా వైపు వంగి నెమ్మదిగా అన్నాడు:

"నాయెఫ్, తప్పు నాది. ముసలితనం. నేను తాగింది లెక్కలో పెట్టుకోకు. మాట ఇంకా నీదే. నువ్వు కాదంటే, తాగిన సిగ్గు నేను మోసుకుపోతాను, పిల్లల మీద పడనివ్వను."

అదృష్టం చూడండి. కాఫీ తాగేసి నా చేతిలోని మాట లాక్కున్నాడనుకుంటే, మళ్ళీ తీసి నా చేతిలోనే పెట్టాడు. లాక్కుని ఉంటే తేలికగా ఉండేది. అరిచేవాణ్ణి, అలిగేవాణ్ణి, జరిగిపోయేది. ఇప్పుడు చెయ్యి నాది. ఎత్తితే లేస్తుంది.

నేను ఫాయెక్ వంక చూశాను. వాడు అప్పుడే తలెత్తాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నా భార్యకి కూడా చెప్పనిది. ఎనిమిదేళ్ళ కిందట మా క్వారీ దగ్గరికి ఫాయెక్ ఏదో ఇంటికి రాయి కొనడానికి వచ్చాడు. నేను చెక్కుతున్న దిమ్మె అంచు మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాశాడు. రాసి, ఎవరికీ వినపడకుండా అన్నాడు, ఈ అంచు నాకు తెలుసు అబూ ఔనీ, నాలుగేళ్ళు దీన్నే పేర్చాను అని. ఇంకేమీ అనలేదు. మా క్వారీ రాయి ఎటు పోతుందో లారీవాడికి తెలుసు. నేనెప్పుడూ అడగలేదు. అడగకపోవడం కూడా ఒక పనే, రోజూ పొద్దున్నే ఉలితో పాటు అందుకోవలసిన పని. గాలిగుట్ట మీది గోడల్లో వాడు పేర్చింది నేను చెక్కినదే. వాడి మీద నాకు అసహ్యం పుట్టింది ఆ గుట్ట మీద కాదు, ఆ క్వారీ దగ్గర.

ఇప్పుడు డెబ్భై మంది ముందు వాడు ఆ మాట అంటే చాలు. వాడి కొడుకు బతుకు నా నాలుక చివర ఉంది, నా పరువు వాడి నాలుక చివర ఉంది. నోరు తెరుస్తాడని చూశాను. నిజం చెప్పాలంటే, తెరిస్తే బాగుండుననే చూశాను. అప్పుడు కాదనడం ఎంత సులువు.

వాడు తెరవలేదు. నా కళ్ళలోకి ఒకసారి చూసి, మళ్ళీ తల దించుకుని, తన అరచేతులు చూసుకున్నాడు. సున్నంతో పగిలిన చేతులు. నావి ధూళితో పగిలాయి. అంతే తేడా.

నేను లేచి, కాఫీ పాత్ర మా తమ్ముడి చేతిలోంచి తీసుకుని, మాస్టారి కప్పు నేనే నింపాను.

"మాస్టారూ, ఇందాకటిది కోపంతో తాగారు. రుచి తెలిసుండదు" అన్నాను. "ఇది తాగండి. మీరు వచ్చిన పని అయింది. పిల్ల మీది."

ఆయన తాగలేదు, ముందు ఏడ్చాడు. ఏడుస్తూనే తాగాడు. వంటింట్లో నోళ్ళు మూసినవాళ్ళు వదిలేశారు కాబోలు, ఈసారి కేకకి కిటికీ అద్దం జిల్లుమంది. నలభై మందీ ఒక్కసారి కప్పులెత్తారు. మా బాబాయి ఒకాయన, చెవుడు, ఏం జరిగిందో తెలియక పక్కవాణ్ణి పట్టుకుని, ఇంతకీ పిల్లని ఇచ్చామా లేదా అని అడుగుతున్నాడు. రెండుసార్లు ఇచ్చాం మామా, అన్నాడు పక్కవాడు.

మా దగ్గర పిల్ల తరఫువాళ్ళు షరతులు చెప్పాలి. బంగారం ఎంత, మంచం ఎలాంటిది అని. మా తమ్ముడు కాగితం తీశాడు. అవన్నీ మామూలే గానీ నాదొక్కటుందన్నాను. పిల్లలకి ఇల్లు ఎక్కడని అడిగితే, ఫాయెక్ మిద్దె మీద రెండో అంతస్తు వేస్తామన్నారు. ఆ అంతస్తుకి రాయి నేను చెక్కుతాను, డబ్బు మాట ఎత్తొద్దు, ఇంకెవరి రాయీ అందులో కలవడానికి వీల్లేదు అన్నాను. ఉబలాటం కాదు, షరతు.

ఫాయెక్‌కి మాట్లాడే హక్కు ఇంకా లేదు. అయినా లేచాడు.

"పేర్చేది నేనే" అన్నాడు. "కూలికి ఎవణ్ణీ పెట్టను."

ఎవరికీ అందులో వింతేమీ కనిపించలేదు. చప్పట్లు కొట్టారు. మాస్టారు మాత్రం మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏదో అడగబోయి, మానేసి కునాఫా మిఠాయి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళు పిల్లల మొహాలు చూసిన మనిషి.

వియామ్ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. అంతమంది మగవాళ్ళున్నారని దగ్గరికి రాలేదు. తన చూపుడువేలు ఎత్తి, ఇంకో చేత్తో దాని కొసమీద సూది గుచ్చినట్టు చేసి చూపించింది. ఇక ఆ బాధ తప్పిందని దానర్థం. ఈసారి నవ్వే మొహం ఇటు తిరిగే ఉంది.

పొద్దు వాలకముందే వాళ్ళని కట్ట దాకా సాగనంపాం. సాగనంపడమంటే రెండు ఊళ్ళూ కట్టకి చెరోవైపు పోగవడమే. అవతల ఆడవాళ్ళు కూడా వచ్చేశారు, కబురు ఎలా దాటిందో మరి. ఎవరో డప్పు అందుకున్నారు, పిల్లనగ్రోవి మోగింది, బురదలోనే దబ్కే మొదలైంది. చేతిలో చెయ్యి వేసి వరసగా నిలబడి కాలు నేలకేసి కొట్టడం. పైన రోడ్డు మీద జీపు ఒకటి వచ్చి ఆగింది. ఒక సైనికుడు దిగి చూశాడు. ఆడేవాళ్ళలో ఒక్కడూ తలెత్తలేదు. షుక్రీ మాస్టారు కుర్చీ దింపమని గోల చేసి దిగి, రెండడుగులు వేసి, మళ్ళీ కుర్చీలో కూర్చుని కుర్చీలోంచే కాళ్ళాడించాడు.

గుట్ట మీద ఎర్రపెంకులు అలాగే ఉన్నాయి. మళ్ళీ కాగితం పెడతారు, మళ్ళీ ఆ చెయ్యి లేస్తుంది, నేను మళ్ళీ లెక్కపెడతాను. దాని మీద నా కోపం గోరంత కూడా తగ్గలేదు, తగ్గే ఉద్దేశం కూడా లేదు.

ఎవరో నన్ను వరసలోకి తోశారు. ఒక చెయ్యి కుసయ్‌ది. రెండోది చూస్తే ఫాయెక్‌ది. పదేళ్ళయింది నేను దబ్కే ఆడి, అడుగు తప్పింది. నా బురదబూటు వాడి కాలి మీద పడింది. ఫరవాలేదు తొక్కు, అన్నాడు వాడు.

రెండోసారి కూడా తొక్కాను. అది కావాలనే.